ఎన్ని వైరస్‌లు పట్టింది?

మా అత్తగారింట్లో డాక్టరు మంచివాడా కాదా అన్నది ఎన్ని మందులు రాశాడన్నదాన్ని బట్టి తేలుతుంది. జ్వరమని వెళితే "ఏం లేదమ్మా, కాస్త విశ్రాంతి తీసుకోండి, అదే తగ్గిపోతుంది" అన్న డాక్టరు మొహం మా అత్తయ్య మళ్ళీ చూడలేదు. వీధి చివర ఇంకొకాయన ఉన్నాడు. గుప్పెడు మాత్రలు, ఒక టానిక్కు, పైన ఒక ఇంజెక్షను లేనిదే మనిషిని బయటికి పంపడు. ఆయనంటే ఆవిడకి గురి. మెకానిక్ అయినా అంతే. బండి బాగానే ఉందన్నవాడికి పని రానట్టు. అన్నీ విప్పి నేలమీద పరిచి, ఇదీ పోయింది అదీ పోయింది అన్నవాడు పనిమంతుడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది తెలియకపోతే నా కంప్యూటర్‌కి జరిగింది మీకు నమ్మబుద్ధి కాదు.

నా కంప్యూటర్ అన్నాను చూశారా, ఆ ఇంట్లో దానికీ పేచీయే. నేను ఎంబ్రాయిడరీ పని చేస్తాను. ముందుగదిలో ఒక మూల మెషిను, దాని పక్కన కంప్యూటర్. రెండూ నా సంపాదనతో కొన్నవే. మెషిన్‌కి బొమ్మ చూపిస్తే కుట్టదు. సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో, కుట్లు ఎటు వాలి పడాలో, దారం రంగు ఎప్పుడు మారాలో ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో గీసి, ఫైలు చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వాలి. అప్పుడు కుడుతుంది. నా పనంతా ఆ ఫైల్లోనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం నేను బటన్ నొక్కి కాళ్ళు చాపుకుని కూర్చుంటాను, చాకిరీ అంతా మెషిను చేస్తుంది. అంచేత అది "ఇంటి కంప్యూటర్" అయింది. అత్తయ్య సీరియల్ తప్పిపోతే దానిమీదే చూస్తుంది. మా ఆయన మ్యాచ్‌లు దానిమీదే. ఇక బావగారొచ్చారంటే ఆయన రాజ్యమే.

బావగారంటే మా ఆయనకి అన్నయ్య. పక్కవీధిలోనే ఉంటారు. ఈ ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా ముందు ఆయన చెయ్యి పడాల్సిందే. ఫ్రిజ్ కొంటే, ఆయనొచ్చి తలుపు తీసి మూసి "ఊఁ, ఫరవాలేదు" అనేదాకా అందులో నీళ్ళ సీసా కూడా పెట్టకూడదు. పెట్టానొకసారి. అత్తయ్య మూతి ముడుచుకుని ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆయనకి తెలియని విషయమంటూ లోకంలో లేదు కాబట్టి నేను మనసులో ఆయనకి సర్వజ్ఞుడని పేరు పెట్టుకున్నాను. పైకి మాత్రం బావగారూ అనే అంటాను.

సరే, అసలు విషయానికొస్తాను. ఊళ్ళో ఒక పాత బ్యాండు ఉంది. ఏ ఊరేగింపైనా ముందు వాళ్ళే నడుస్తారు. ఆ బ్యాండు మాస్టారు కొత్త కోట్లు కుట్టిస్తూ, ఛాతీ మీద వాళ్ళ గుర్తు వేయగలనా అని నన్నడిగాడు. బాకా ఊదుతున్న సింహం ఆ గుర్తు. తాతల కాలం నాటి ఫోటో ఒకటి తెచ్చిచ్చాడు, అందులో సింహమేదో మరకేదో తెలియడం లేదు. ఆ మరకలోంచి నేను సింహాన్ని బయటికి లాగాను. వారాలు పట్టింది. జూలులో ఒక్కో పాయ ఒక్కోవైపు తిరగాలి, లేకపోతే చీపురుకట్టలా ఉంటుంది. బుగ్గలు ఉబ్బాలి, బాకా ఊదుతోంది కదా మరి. కన్ను దగ్గరైతే ఎన్నిసార్లు చెరిపి వేశానో నాకే గుర్తులేదు. చివరికి ఆ కంట్లో చిలిపితనం ఒకటి వచ్చింది, ఊదుతూ ఊదుతూ పక్కవాడిని చూసి నవ్వుకుంటున్నట్టు. ఒక కోటు మీద కుట్టి చూపిస్తే బ్యాండు మాస్టారు దాన్ని తొడుక్కుని, అద్దం ముందు నిటారుగా నిలబడి, సింహాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత, "మిగతా కోట్లన్నీ నువ్వేనమ్మా. టోపీలూ నువ్వే. జెండా కూడా నువ్వే" అన్నాడు.

ఆ పని మీద నేనొక ఆశ పెట్టుకున్నాను. మా ఇంటి ఎదురుగా ఒక చిన్న గది, ఇదివరకు గడియారాలు బాగుచేసే కొట్టు. గడియారాలాయన పోయాక మూసేశారు. ఆయన భార్య తాళం తన దగ్గరే ఉంచుకుంది. "బ్యాండు కోట్లు అవగానే ఆ గది నేను తీసుకుంటాను పిన్నిగారూ, ఇంకెవరికీ ఇవ్వకండి" అని మాట తీసుకున్నాను. ఎవరూ సీరియళ్ళు చూడని గది. నా కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోని గది. నేను కోరుకున్నది అంతే. దానికి నాకు ఆ సింహం కావాలి.

ఇంతలో మా ఆయన మ్యాచ్ చూస్తూ చూస్తూ ఏదో నొక్కారు. అప్పట్నుంచి కంప్యూటర్ తెరిస్తే చాలు ప్రకటనలు. సింహం అందులోనే ఉంది. యాంటీవైరస్ సంగతి చూడకపోతే లాభం లేదనుకుని కూర్చున్నాను. ఫ్రీగా వచ్చేవి బోలెడున్నాయి. ఒకటి ఫ్రీ అంటూనే గంటకోసారి కొనమని చెవిలో జోరీగలా రొద పెడుతుంది. ఒకటి తనతోపాటు పిలవని చుట్టాలందరినీ లోపలికి తెస్తుంది. ఇంకొకటి మనం ఏమేం చూస్తున్నామో రాసుకుని ఎవరికో అమ్ముకుంటుందట. అడిగి, చదివి, పోల్చి చూసుకుంటే తేలిందేమిటంటే, కంప్యూటర్‌తోపాటే వచ్చింది ఒకటి ఉంది, మా ఆయన మ్యాచ్‌కి అడ్డం వస్తోందని ఎప్పుడో ఆపేశారు, దాన్ని ఆన్ చేసుకుంటే మా అవసరానికి సరిపోతుంది. ఆన్ చేశాను, అప్‌డేట్ చేశాను. ఆ ప్రకటనలు తెస్తున్న చెత్తని వెతికి తీసేశాను. తర్వాత అంతా స్కాన్ చేయించాను. శుభ్రంగా ఉంది.

భోజనాల దగ్గర ఆ మాటే చెప్పాను.

"ఎన్ని వైరస్‌లు పట్టింది?" అన్నారు మా ఆయన.

"ఏమీ లేవు. ఇప్పుడు బాగుంది."

"ఒక్కటీ పట్టలేదా?" అంది అత్తయ్య. ఆ మొహం నాకు తెలుసు. మందులు రాయని డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు పెట్టిన మొహం.

"లేనివి ఎలా పడుతుంది అత్తయ్యా?"

"ఉత్తినే వచ్చింది కదా, ఉత్తదే అయ్యుంటుంది" అందావిడ. మా ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "అన్నయ్యని ఒకసారి చూడమందాంలే" అన్నారు.

"ఎవరూ చూడక్కర్లేదు. పనయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. తెలుగులోనే చెప్పాను. ముగ్గురం కూర్చున్న చోట అందరికీ వినబడేలాగే చెప్పాను.

మర్నాడు కోట్ల మీద గుర్తు సరిగ్గా ఎక్కడ పడాలో చూడడానికి బ్యాండు హాలుకి వెళ్ళాను. డోలు వాయించేవాడికి పట్టీ అడ్డొస్తుంది, బాకా వాళ్ళకి మోచెయ్యి తగులుతుంది, ఒక్కొక్కరికీ సుద్దముక్కతో గీత గీసి వచ్చేసరికి గుమ్మంలో బావగారి చెప్పులున్నాయి.

నా కుర్చీలో ఆయన. పక్కన స్టూలు మీద మా ఆయన, మౌస్ పట్టుకుని. వెనక అత్తయ్య. టీ గ్లాసులు నా దారం రీళ్ళ మధ్య ఉన్నాయి. ముగ్గురి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"రామ్మా, రా. చూడు" అన్నారు బావగారు. తెర మీద ఎర్రటి పెట్టె, అందులో ఒక పెద్ద అంకె. "నీది ఒక్కటీ పట్టలేదన్నావట. నాది ఎన్ని పట్టిందో చూడు. ఇదీ ఫ్రీయే. నెట్‌లో ప్రకటన వస్తే పట్టుకున్నాను. నీదీ ఇదీ కలిసి ఉండవంది, అందుకని నీదాన్ని తీసేశాం."

"ఇంట్లో ఇన్ని పురుగులు పెట్టుకుని కూర్చున్నామా అని నాకు ఒళ్ళు జలదరించిందమ్మా" అంది అత్తయ్య.

"అన్నీ తీసేశాం. నీ పెన్‌డ్రైవ్ నిండా కూడా అవే. అదీ కడిగేశాం" అన్నారు బావగారు. "ఇంకా కొన్ని ఉన్నాయట, అవి డబ్బు కడితే తీస్తుందట. ఉన్నమాట చెప్పింది చూశావా, నిజాయితీ అంటే అదీ."

నేను మౌస్ లాక్కున్నాను. పట్టుకున్న వైరస్‌ల పేర్లు వరసగా ఉన్నాయి. గులాబి పెద్దది. గులాబి చిన్నది. తీగ అంచు. స్కూలు బ్యాడ్జీ. నెమలి, తోక మార్చింది. పేర్లన్నీ నేను పెట్టినవే. ఎన్నో ఏళ్ళుగా ఒక్కొక్కటీ నా చేత్తో గీసినవి. ఒక్కొక్క పేరు పక్కనా 'ప్రమాదం' అని ఎర్రగా, దాని పక్కన 'తొలగించబడింది' అని ఆకుపచ్చగా. ఎంబ్రాయిడరీ ఫైలంటే ఏమిటో ఆ దిక్కుమాలిన ప్రోగ్రామ్‌కి తెలియదు. తెలియనిదల్లా దానికి దొంగే. అంకె పెద్దదిగా కనబడితే మనిషి డబ్బు కడతాడని తప్ప దానికి ఇంకే ధ్యాసా లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇవి వైరస్‌లు కావు. ఇవి నా డిజైన్లు. నా పని మొత్తం ఇదే."

బావగారే ముందు తేరుకున్నారు. "వాటిలో వైరస్ లేకపోతే అది ఎందుకు పడుతుందమ్మా? ఉంటేనే పడుతుంది. నిప్పు లేకుండా..."

"బావగారూ, మీరింక ఒక్క మాట కూడా మాట్లాడకండి."

ఆ ఇంట్లో ఆయనతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, "మంచికి పోతే ఇదీ" అని వాళ్ళమ్మకి చెప్పి వెళ్ళిపోయారు. అత్తయ్య నావైపు తిరిగింది. "ఏమంత కొంప మునిగిందని? కావాలని చేశాడా వాడు? పొద్దున్నే పనులన్నీ మానుకుని నీ కోసమే వచ్చాడు."

మా ఆయన గొంతు తగ్గించి, "మళ్ళీ వేసుకోవచ్చులే. నీకు చేతనైన పనేగా" అన్నారు.

చేతనైన పని. ఒకడి ఇల్లు కూల్చేసి, కట్టుకోవడం నీకొచ్చుగా అన్నట్టుంది. నేను ఆ జాబితా కిందికి లాగుతూ పోయాను. అడుగున కనబడింది. 'సింహం ఆఖరిది.' మా ఆయన కూడా అటే చూస్తున్నారు. ఇందాక మౌస్ పట్టుకున్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నారు, మౌస్ ఇప్పుడు నా దగ్గరుందన్న సంగతి మర్చిపోయి.

"తీసెయ్ అని నొక్కిందెవరు?" అన్నాను.

"అన్నయ్య చెప్పాడు. నేనే నొక్కాను."

"పేర్లు చూడలేదా?"

ఆయన స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. "చూశాను" అన్నారు తర్వాత. "సింహం అని ఉంది. ఇది నువ్వు చేస్తున్నదేమో అని అన్నయ్యని అడిగాను. వైరస్‌లు మారుపేర్లతోనే వస్తాయి, నొక్కు అన్నాడు."

"మీ అన్నయ్యని అడిగారు."

"పక్కనే ఉన్నాడుగా."

"మీ ఫోన్ ఎక్కడుంది?"

చొక్కా జేబు తడుముకున్నారు. అక్కడే ఉంది. ఆ సింహాన్ని గీస్తున్నంతకాలం ఈయన రోజూ నా వెనకనుంచి నడిచి వెళ్ళారు. కన్ను బాగా వచ్చిందని ఒకరోజు ఆగి చెప్పారు కూడా. దాని పేరు తెర మీద కనబడింది, అనుమానమొచ్చింది, ఫోను జేబులో ఉంది. అయినా నన్ను అడగాలని తోచలేదు. బావగారి తెలివితక్కువతనానికి నేను తర్వాతెప్పుడైనా నవ్వుకోగలనేమో. దీన్ని మాత్రం ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

కంప్యూటర్ రిపేరు షాపుకి మోసుకెళ్ళాను. పోయిన ఫైళ్ళు కొన్ని పైకి తేల్చారు గానీ, ఏదీ తెరుచుకోలేదు. సింహానిదైతే పేరు మాత్రమే మిగిలింది. అక్కణ్ణుంచి తిన్నగా బ్యాండు హాలుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. బ్యాండు మాస్టారు తిట్టలేదు. "మా ప్రోగ్రాం ఆగదమ్మా. చేయగలిగితే చెప్పు, లేకపోతే ఇంకోచోట చూసుకుంటాను" అన్నాడు. తప్పేముంది అందులో. నేను చేస్తానన్నాను. కుట్టిన ఆ ఒక్క కోటూ అడిగి తెచ్చుకున్నాను.

ఇంటికి రాకుండా గడియారాల పిన్నిగారి తలుపు కొట్టాను. "పని అయ్యాక తీసుకుంటానన్నావుగా?" అందావిడ. "ఆ గది లేకపోతే పని అవదు పిన్నిగారూ" అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చిచ్చింది.

కంప్యూటర్‌ని షాపునుంచి వెనక్కి తెచ్చి, ఇంట్లో మెషిను వైర్లు పీకుతుంటే అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇంటి కంప్యూటర్‌ని వీధిలో పెడతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది. "ఎన్ని వైరస్‌లు పట్టిందో చెప్పండి వాళ్ళకి, సంతోషిస్తారు" అన్నాను. మెషిను నా ఒక్కదాని వల్ల లేవదు. మా ఆయన వచ్చి రెండోవైపు పట్టుకున్నారు. నేను వద్దనలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.

ఆ గదిలో కోటుని బల్ల మీద పరుచుకుని, భూతద్దం పెట్టి, నా కుట్లు నేనే దొంగతనం చేసినట్టు ఒక్కొక్కటీ చూసి మళ్ళీ గీశాను. జూలు వచ్చింది. బుగ్గలొచ్చాయి. కన్ను రాలేదు. చూసి వేసినా, కొలిచి వేసినా ఆ చిలిపితనం రాలేదు. నేను ఉన్న తీరుకి అదెక్కడ వస్తుంది? ఈ సింహం ఎవరినో మింగేసేలా చూస్తుంది. కోట్లన్నీ అయ్యాక బ్యాండు మాస్టారు వచ్చి, కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి, "ఇదే బాగుందమ్మా, ఇందులో రోషముంది" అన్నాడు. జెండాకి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాడు. నేను మాత్రం ఆ మొదటి కోటుని ఆయనకి తిరిగివ్వలేదు. దాని బదులు కొత్తది కుట్టిచ్చాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం బావగారు వచ్చారు, మా ఆయన్ని వెంటబెట్టుకుని. కొత్తగది కదా, ఆయన చెయ్యి పడాలి కదా మరి. గోడ మీద తట్టి చూశారు. ఫ్యాను వేసి ఆపారు. నేను మెషిన్‌కి దారం ఎక్కిస్తున్నాను. ఆయన తిన్నగా వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నారు.

"ఇందులో ఇప్పుడు ఏ యాంటీవైరస్ పెట్టావు?"

"మొదట్లో ఉన్నదే. మీదాన్ని పీకేసి, అంతా చెరిపేసి, మళ్ళీ అదే పెట్టుకున్నాను."

"ఎన్ని పట్టింది?"

"ఏమీ పట్టలేదు బావగారూ."

ఆయన మా ఆయన వైపు చూసి చిన్నగా నవ్వారు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. కంప్యూటర్ తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఏంట్రా?" అన్నారు. మా ఆయన్ని అడిగారు. నేను చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో ఉన్నాను.

"నాకు తెలీదన్నయ్యా" అన్నారు మా ఆయన. తర్వాత మెల్లగా నావైపు తిరిగారు. "అన్నయ్య పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన అన్నయ్య ముందు నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి. సంతోషించాల్సింది. నా చూపు గోడకి తగిలించిన ఆ పాత కోటు మీదే ఉంది.

"ఈ ముక్క ఆరోజు అడగాల్సింది" అన్నాను. "సింహం పేరు చూసినప్పుడు."

మా ఆయన తలదించుకున్నారు. బావగారు "ఇంకా ఆ గొడవేనా" అని ఏదో మొదలుపెట్టబోయారు. నేను దారం తెంపి, ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"బావగారూ, ఆ కుర్చీ నాకు కావాలి. పనుంది."

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన తలెత్తలేదు. అప్పుడు బావగారు లేచారు.